రివార్డ్ పాయింట్లకు తాళం ఎక్కడ వేస్తే మేలు: చేరేటప్పుడా, వాడేటప్పుడా?

విశాఖ జగదాంబ దగ్గర ఓ బట్టల షాపు, గాజువాకలో దాని రెండో బ్రాంచి ఉన్నాయనుకుందాం. వంద రూపాయల బిల్లుకు ఒక పాయింటు, పాయింటు విలువ రూపాయి, ఇంకొకరిని చేర్పిస్తే 50 పాయింట్లు. యాప్ మొదలెట్టగానే ఓనర్‌కు పట్టుకునే టెన్షన్ దొంగ అకౌంట్లదే. అందుకని చాలామంది గుమ్మంలోనే కాపలా పెడతారు: ఒక నంబరుకు ఒక అకౌంటు, ఒక ఫోనుకు ఒక అకౌంటు, ఒకే ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) నుంచి ఎక్కువమంది చేరితే బ్లాక్. రెండో దారి, చేరడం తేలిక చేసి వాడకాన్ని బిగించడం. నా ఓటు రెండోదానికే.

మన రాష్ట్రంలో ఒకరి పేరు మీద 9 సిమ్‌ల దాకా తీసుకోవచ్చు. కాబట్టి మోసం చేయాలని కూర్చున్నవాడిని నంబరు రూలు ఆపలేదు. ఒక సిమ్‌తో మిగతా 8 చేర్పిస్తే 400 పాయింట్లు చేతిలో పడ్డట్టే. ఫోను రూలు కాస్త నయం. కానీ ఆండ్రాయిడ్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొడితే యాప్‌కు అది కొత్త ఫోనులాగే కనిపించవచ్చు. పైగా ఇంటికి ఒకే స్మార్ట్‌ఫోను ఉన్నచోట అత్తాకోడళ్లలో ఒకరే చేరగలరు. ఐపీ రూలు మరీ అన్యాయం. మొబైల్ డేటాలో ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు. అంతెందుకు, మన సేల్స్ అమ్మాయి షాపు వైఫై ఇచ్చి చేర్పించిన వాళ్లందరిదీ ఒకే ఐపీ. పండగ రద్దీలో ఆ రూలు ముందుగా పట్టుకునేది మన షాపునే!

వాడకం దగ్గర బిగించడమంటే ముందుగా పాయింట్లను కొన్నాళ్లు ఆపడం. వాపసు గడువు 7 రోజులైతే పాయింట్లు 8వ రోజు విడుదలవ్వాలి. చీర కొని, పాయింట్లు ఖర్చుపెట్టి, చీర తిరిగిచ్చేసే ఆట అక్కడితో కట్టు. చేర్పించిన 50 పాయింట్లూ అంతే: కొత్తవాళ్లు కనీసం 1,000 రూపాయల బిల్లు కట్టి, దాని గడువు దాటాకే. పెళ్లి బట్టల బిల్లును ముక్కలు చేసి సిమ్‌కొకటి చూపించే ఘనులూ ఉంటారు కాబట్టి, నెలకు ఐదుగురిని మించి చేర్పిస్తే పాయింట్లు రావని ఒక హద్దు పెట్టాలి.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. సంక్రాంతికి బట్టలు తీసుకున్న పెద్దావిడ కౌంటర్ దగ్గర, "ఏటి బాబూ, పాయింట్లు కనిపిస్తన్నాయి గానీ వాడనివ్వరేటి?" అని అడిగితే కుర్రాడు నీళ్లు నమలకూడదు. బిల్లు మీదే "జనవరి 18 నుంచి వాడుకోవచ్చు" అని తేదీ పడితే సగం గొడవ తగ్గుతుంది. పాయింట్లు తర్వాతి బిల్లులో తగ్గింపుగానే ఇవ్వండి. యూపీఐలో డబ్బుగానో, బయటి గిఫ్ట్ వోచర్‌గానో ఇస్తే మోసగాళ్లకు పని సులువవుతుంది.

గుమ్మం కాపలాకు అసలు కనబడనిది కౌంటర్ లోపలి మోసం. కస్టమర్ "నంబరు అక్కర్లేదులే" అనగానే క్యాషియర్ తన నంబరో, బావమరిదిదో కొడతాడు. బిల్లు నిజం, కొనుగోలు నిజం, నంబరూ ఒక్కటే. చేరే రూల్స్‌లో ఏదీ కిక్కురుమనదు. ఒకే నంబరుకు ఒకే కౌంటర్లో రోజుకు మూడు బిల్లులు దాటితే ఆ పాయింట్లు ఆపి, రాత్రి లెక్కలప్పుడు మేనేజర్‌కు చూపాలి. వాడేటప్పుడు ఓటీపీ తప్పనిసరి, లేకపోతే కస్టమర్ల పాయింట్లనూ కౌంటర్లోనే ఖర్చుపెట్టేస్తారు. ఎస్ఎంఎస్ ఓటీపీకి డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (వ్యాపారాలు మెసేజ్‌లు పంపే ముందు టెలికాం కంపెనీల దగ్గర చేసుకునే నమోదు) కావాలి కాబట్టి యాప్ మొదలెట్టకముందే ఆ పని పెట్టుకోండి.

కస్టమర్ మోసం చేసే అవకాశం ఎంతో లెక్కగట్టి రిస్క్ స్కోర్ ఇచ్చే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. రెండు బ్రాంచిల షాపుకు వాటి జోలి ఇప్పుడే వద్దు. ఎందుకు ఆపిందో కౌంటర్లో చెప్పలేకపోతే గొడవ మనదే.

అనుమానం వస్తే అకౌంటు మూసేయకండి, పాయింట్లు మాత్రం ఆపండి. ఆపిన వాటిని విడిపించే అధికారం ఆ కౌంటర్ వాళ్లకు ఉండకూడదు. గాజువాకలో ఆగినవి జగదాంబ మేనేజర్ చూడాలి, జగదాంబవి గాజువాక మేనేజర్ చూడాలి.