నెల్లూరు టెక్ మీటప్: కొన్నేళ్లుగా వెళ్తున్నవాడి సమీక్ష

నెల్లూరులో నెలకొక ఆదివారం ఎలక్ట్రానిక్స్, ప్రోగ్రామింగ్ వాళ్లు కలిసే మీటప్ ఒకటి ఉంది. కరోనా సద్దుమణిగిన దగ్గర్నుంచి నేను దానికి వెళ్తున్నాను. మొదట్లో మాగుంట లేఅవుట్‌లో ఒకాయన ఆఫీసు మేడ మీద జరిగేది. ఇప్పుడు దర్గామిట్టలో, ఆదివారం ఖాళీగా ఉండే ఒక ట్యూషన్ గదిలో జరుగుతోంది. నా పని పంపుసెట్లకు, రొయ్యల గుంటల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లకు స్టార్టర్ ప్యానెళ్లు కట్టడం. షాపుకొచ్చే పాలిటెక్నిక్ కుర్రాళ్లు, కావలి, ఒంగోలు నుంచి ఫోన్ చేసేవాళ్లు "అక్కడికొస్తే మాకేం ఉపయోగం?" అని అడుగుతూ ఉంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

ముందే చెప్పేస్తున్నా, వెళ్లండి. అయితే ఈ మీటప్ ఎప్పుడూ ఒకేలా లేదు. ఇంటికెళ్లాక కూడా నిద్రపట్టనంత ఉత్సాహంగా జరిగిన ఆదివారాలున్నాయి, మధ్యలో లేచి వచ్చేద్దామనిపించినవీ ఉన్నాయి. వస్తువుని విప్పి చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు మాట్లాడారా, దాన్ని అమ్ముకోడానికి వచ్చినవాళ్లు ముందు మాట్లాడారా అన్నదాన్ని బట్టే ఈ తేడా అంతా వచ్చిందని నా గట్టి నమ్మకం. వ్యాపారం మాట వద్దనడం లేదు, నా కుటుంబం గడిచేదే వ్యాపారం మీద. వరస మారితే మాత్రం రెండూ పాడవుతాయి.

వచ్చేవాళ్లు రకరకాలుగా ఉంటారు. డిప్లొమా, ఇంజనీరింగ్ పిల్లలు ఎక్కువ. ఇంటి నుంచి బెంగళూరు కంపెనీలకు పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు, కృష్ణపట్నం వైపు ప్లాంట్లలో ఇన్‌స్ట్రుమెంట్ పనిచేసే టెక్నీషియన్లు, ఒక ఫిజిక్స్ మాస్టారు, అప్పుడప్పుడూ ఇందుకూరుపేట, విడవలూరు వైపు నుంచి రొయ్యల రైతులు. ఇంతమంది ఒక గదిలో కలిసే చోటు నెల్లూరులో నాకింకెక్కడా కనబడలేదు.

ఒక పాలిటెక్నిక్ కుర్రాడు తెచ్చిన అలారం బోర్డు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ మీటప్ విలువ నాకు బాగా తెలిసింది దాంతోనే. గుంటలో ఆక్సిజన్ పగలు ఉంటుంది, ఎందుకంటే నీళ్లలోని సూక్ష్మమైన నాచు ఎండకి దాన్ని తయారుచేస్తుంది. రాత్రయితే ఆ నాచే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకి బాగా అడుక్కి పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ఇక్కడ పెంచే వెనామీ రొయ్యకి కష్టమే. ఆ టైంలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగినా, కాపలా మనిషి నిద్రపోయినా పంట మొత్తం పోవచ్చు. అందుకని ఆక్సిజన్ తగ్గితే ఏరేటర్ దానంతటదే వేసి, రైతుకి మెసేజ్ పంపే పరికరం చేద్దామని ఆ అబ్బాయి ఆలోచన. ప్రోగ్రాం నడిపే ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు, అది చెప్పినట్టు ఆన్ ఆఫ్ అయ్యే రిలే అనే స్విచ్ ఒకటి, సిమ్ వేసే చిన్న మాడ్యూల్, సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చే బ్రెడ్‌బోర్డ్ మీద చిందరవందరగా వైర్లు.

బల్ల మీద చక్కగా పనిచేసింది. నేను షాపు నుంచి తెచ్చిన అసలు కాంటాక్టర్‌కి, అంటే మోటారుని ఆన్ ఆఫ్ చేసే పెద్ద స్విచ్‌కి తగిలించగానే, అది ఆఫ్ అయిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతోంది. ప్రోగ్రాంలో తప్పుందని సాఫ్ట్‌వేర్ వాళ్లు లాప్‌టాప్ తెరిచారు. ప్లాంట్ టెక్నీషియన్ ఒకాయన కాసేపు గమనించి, కాంటాక్టర్ లోపలి కాయిల్ ఆగిన క్షణంలో పుట్టే వోల్టేజి దెబ్బ బోర్డు దాకా వస్తోందన్నాడు. కాయిల్‌కి అడ్డంగా ఆ దెబ్బని పీల్చుకునే స్నబ్బర్ పెట్టి, బోర్డు వైర్లని పవర్ వైర్లకి దూరంగా జరిపాం. రీసెట్ ఆగింది. తర్వాత మెసేజ్ పంపేటప్పుడు సిమ్ మాడ్యూల్ చచ్చిపోవడం మొదలైంది. ఆ 2జీ మాడ్యూల్ సిగ్నల్ పంపే లిప్తపాటు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, సన్నటి జంపర్ వైర్లు అంత ఇవ్వలేవు. మందం వైరు వేసి, మాడ్యూల్ పక్కనే పెద్ద కెపాసిటర్ పెడితే అదీ కుదిరింది. ఇంకొకరి జియో సిమ్ వేస్తే అసలు నెట్‌వర్కే దొరకలేదు, జియోకి 2జీ లేదు కాబట్టి. ఈలోగా మధ్యాహ్నమైంది. "దీని మార్కెట్ ఎంత" అని ఎవరూ అడగలేదు.

అప్పటిదాకా వెనక కూర్చుని చూస్తున్న ఒక రైతు అప్పుడు లేచి అడిగాడు: "అంతా బాగుండాది అబ్బయ్యా, మోటరు తిరగతా ఉందో లేదో నాకెట్టా తెలస్తది?"

గది అంతా ఆగిపోయింది. బోర్డుకి తెలిసింది రిలే ఆన్ అయిందన్న సంగతి మాత్రమే. ఓవర్‌లోడ్ ట్రిప్ అయినా, ఒక ఫేజు పోయినా, ఫోన్లో మాత్రం "ఏరేటర్ ఆన్" అనే వస్తుంది. రైతు నిశ్చింతగా పడుకుంటాడు. మరుసటి నెలకి ఆ అబ్బాయి మోటారు వైరుకి సీటీ (వైరులో పారే కరెంటుని కొలిచే చుట్ట) తగిలించి, కరెంటు నిజంగా పారుతోందో లేదో కొలిచి చూపించాడు. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ సంగతి కూడా నెలనెలా తేలుతూ వచ్చింది. గుంటలో పెట్టిన కొద్దిరోజులకే దాని మీద పాకుడు పట్టి రీడింగ్ తప్పుతుంది, ఎవరో ఒకరు తుడుస్తూ ఉండాలి. మంచి ప్రోబ్ ధర బోర్డు ధరకి ఎన్నో రెట్లు. చివరికి ప్రోబ్ పక్కనపెట్టి, ఏరేటర్ ఆగితే ఫోన్ మోగే పరికరం ఒక్కటే ముందు అమ్మాలని ఆ అబ్బాయి నిర్ణయించుకున్నాడు. ఇంతకంటే మంచి వ్యాపార నిర్ణయం నేను ఏ కన్సల్టెంట్ నోటా వినలేదు. అది వచ్చింది మాత్రం సోల్డరింగ్ బల్ల దగ్గర్నుంచే.

ఇక బాగోలేని కాలం. ఒక సంస్థ గది అద్దె, బిర్యానీ తమదంటూ ముందుకొచ్చింది. బదులుగా మొదటి గంట వాళ్లకి ఇవ్వాలి. మొదటి గంట కాస్తా రెండు గంటలైంది. తెర మీద స్లైడ్లు, ఫండింగ్, పిచ్, స్కేల్. సోల్డరింగ్ ఐరన్ పెట్టెలోంచి బయటికి రాలేదు. సగం పనైన వస్తువు చూపించిన ఒక అమ్మాయిని అందరి ముందూ "యూనిట్ కాస్ట్ ఎంత, కస్టమర్ ఎవరు" అని నిలదీశారు. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. మిగతా పిల్లలూ బోర్డులు తేవడం మానేసి రెజ్యూమెలు తెచ్చారు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పనిచేయని వస్తువుని నలుగురి ముందు పెట్టాలంటే చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని ఒక్క ప్రశ్నతో చంపేయొచ్చు.

అలాగని అంతకుముందు అంతా బంగారంగా ఉందనీ అనను. ఒక ఏడాది మొత్తం గీత వెంబడి నడిచే రోబోలు, మెరిసే ఎల్‌ఈడీలే. ఏదీ పూర్తయ్యేది కాదు. పీసీబీలు, అంటే సర్క్యూట్ బోర్డులు అందంగా డిజైన్ చేసే ఒకతను, పెళ్లయి బాధ్యతలున్నవాడు, బిల్లు ఎలా వేయాలి, అడ్వాన్స్ ఎంత అడగాలి అని రెండు మూడుసార్లు కదిపాడు. "ఇక్కడ డబ్బు మాటలొద్దు అన్నా" అని నోరు మూయించారు. అతనూ వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి పోవడం ఎంత నష్టమో ఇతను పోవడం కూడా అంతే నష్టం.

ఈ గొడవ మనతో మొదలైంది కాదు. 1975 మార్చిలో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, ఒక గ్యారేజీలో కంప్యూటర్లు సొంతంగా కట్టుకునే హాబీ వాళ్ల హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైంది. స్టీవ్ వోజ్నియాక్ తన కంప్యూటర్ సర్క్యూట్ బొమ్మల్ని అక్కడ అందరికీ ఊరికే పంచేవాడు. ఆ కంప్యూటరే 1976లో ఆపిల్-1గా అమ్మకానికొచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ బిల్ గేట్స్, తాము రాసిన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌ని డబ్బు కట్టకుండా కాపీ చేసుకుంటున్నారని హాబీ వాళ్లకి బహిరంగ లేఖ రాశాడు. పంచుకోవడమూ, కష్టానికి డబ్బడగడమూ అప్పుడే ఎదురుపడ్డాయి.

మా దగ్గరా అదే జరిగింది. వాట్సాప్ గ్రూపులో ఒకరు పెట్టిన కోడ్, కొన్నాళ్లకి వేరొకరు అమ్మే పరికరంలో కనబడింది, రాసినవాళ్ల పేరు కూడా తీసేసి. పెద్ద రచ్చయింది. ఆ తర్వాత పెట్టుకున్న నియమమే ఈ మీటప్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది. ఏదైనా చూపించేముందు "ఇది అందరిదీ" అనో, "ఇది నా వ్యాపారానిది, చూడండి గానీ తీసుకోవద్దు" అనో చెప్పాలి. కోడ్ పెడితే లైసెన్స్ కూడా రాయాలి. జీపీఎల్ అయితే ఎవరైనా వస్తువు చేసి అమ్ముకోవచ్చు గానీ, కొన్నవాళ్లకి సోర్స్ కోడ్ ఇవ్వాలి. ఎంఐటీ అయితే కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం ఉంచితే చాలు. ఏ లైసెన్సూ లేకుండా గ్రూపులో పడేసినంత మాత్రాన అది అందరి సొత్తు అయిపోదు, హక్కు రాసినవాళ్లదే. ఈ చిన్న సంగతి తెలియక ఎంతమంది మనసులు విరిగాయో.

ఇప్పుడు పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా బల్ల పని. ఆ రెండు గంటల్లో ధర, కస్టమర్ అన్న మాటలు రాకూడదు. టీ తర్వాత గంట వ్యాపారం. అందులో ఉపన్యాసాలుండవు, అమ్మినవాళ్ల అనుభవాలే. సరుకు అమ్మితే ఏడాదికి 40 లక్షలు, సేవలైతే 20 లక్షలు దాటాక మన రాష్ట్రంలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదని, సరుకు పక్క రాష్ట్రానికి పంపితే ఆ లెక్క వర్తించదని నాకు వివరంగా తెలిసింది అక్కడే. వైర్‌లెస్ పరికరం అమ్మాలంటే ఈటీఏ అనే ప్రభుత్వ అనుమతి ఉండాలన్న సంగతీ అంతే. వారంటీ గురించి నేనూ మాట్లాడాను. బోర్డు నాలుగైదు వందలకి దొరకొచ్చు. మైపాడు సముద్రతీరపు ఉప్పుగాలికి తట్టుకునే బాక్సు, బోర్డుకి పూత, అర్ధరాత్రి ఫోనొస్తే గుంట దాకా బండి వేసుకుని వెళ్లడం, ఇవన్నీ ధరలో వేసుకోకపోతే ఒక్క సీజన్‌కే చేతులెత్తేయాలి.

లోపాలు ఇంకా ఉన్నాయి. ఆడపిల్లలు తక్కువగా వస్తున్నారు. సాయంత్రం నుంచి పొద్దుటికి మార్చాక కొంచెం నయం, అయినా చాలదు. కొందరు సాఫ్ట్‌వేర్ మిత్రులు ఇంగ్లీషులోనే మాట్లాడతారు, రైతులు మొహమాటానికి తలాడిస్తారు. సిగ్నల్‌ని తెర మీద చూపించే ఓసిల్లోస్కోప్ ఒక్కటే, దానికోసం క్యూ. విడిభాగాలకి ఇప్పటికీ చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కి పోవాల్సిందే. ఎవరైనా వెళ్తుంటే గ్రూపులో చెప్తారు, అందరి లిస్టూ ఒకరే తెస్తారు. 5కి 4 ఇస్తాను.

ఒంగోలులో ఇలాంటిదే మొదలుపెట్టాలని చూస్తున్న ఇద్దరు, ఖర్చు సంగతి ఏం చేశారని అడిగారు. మా పద్ధతి ఇది: ఉద్యోగం, వ్యాపారం ఉన్నవాళ్లు వచ్చినప్పుడు వంద రూపాయలు వేస్తారు, విద్యార్థులు వేయక్కర్లేదు. నాలాంటి షాపులవాళ్లం ఏడాదికోసారి కలిసి ఒక టూల్ కొనిస్తాం. దాని మీద ఎవరి స్టిక్కరూ ఉండదు, గదిలో ఎవరి బ్యానరూ ఉండదు. బిర్యానీ ఖర్చు ఎవరు పెట్టుకుంటామన్నా సంతోషమే, అది మాత్రం పన్నెండు తర్వాతే.