స్పీకర్ చార్జింగ్ నిలవాలంటే: వైరా, లైట్లా, చోటు మార్చడమా?

కార్తీకమాసం వచ్చిందంటే మా పర్లాకిమిడిలో చుట్టాలందరూ నన్నడిగేది ఒకటే: "స్పీకర్ మధ్యాహ్నానికే ఆగిపోతోంది, ఏం చెయ్యాలి?" వనభోజనాలకు మహేంద్రతనయ ఒడ్డుకు వెళ్తే అక్కడ ప్లగ్గు దొరకదు కదా. బ్లూటూత్ మానేసి వైరు పెట్టమని కొందరు, రంగురంగుల లైట్లు ఆపమని కొందరు సలహా ఇస్తుంటారు. నేను మాత్రం ముందు స్పీకర్ పెట్టిన చోటు మార్చమంటాను.

వైరుతో మిగిలేది కొంచెమే. పాటను అందుకోవడానికి బ్లూటూత్ వాడే కరెంటు చాలా తక్కువ. కరెంటంతా లాగేది లోపల సౌండ్ పెంచే యాంప్లిఫయర్. వైరు పెట్టినా, పెట్టకపోయినా దాని పని దానికి ఉంటుంది. పైగా ఇప్పుడొచ్చే చాలా స్పీకర్లకు ఆ వైరు పెట్టే రంధ్రమే ఉండటం లేదు. లైట్లంటారా, ఆపేయండి. పట్టపగలు ఎండలో అవి ఎవరికీ కనబడవు. రాత్రి సన్నగా పాటలు వినేవాళ్లకు దానివల్ల కాస్త ఎక్కువ లాభం.

అసలు ఖర్చు సౌండ్‌ది. మన చెవికి రెట్టింపు గట్టిగా వినబడాలంటే స్పీకర్‌కు సుమారు 10 రెట్లు పవర్ కావాలి. చార్జింగ్ ఇన్ని గంటలు వస్తుందని పెట్టె మీద రాసే లెక్కలు కూడా చాలావరకు మధ్యస్థంగా సౌండ్ పెట్టి లెక్కగట్టినవే. దూరం కూడా అలాంటిదే. ఆరుబయట స్పీకర్‌కూ మనకూ మధ్య 8 అడుగులు ఉన్నది 4 అడుగులైతే, అంతే సౌండ్ వినబడటానికి పావు వంతు పవర్ చాలు.

పోయినేడు మేం స్పీకర్‌ను ఉసిరిచెట్టు కొమ్మకు తగిలించాం. పొయ్యి దగ్గర నుంచి మా పెద్దమ్మ "వినబడ్డం లేదురా బాబూ, పెంచు" అంటుంది. ఏట్లో ఆడుకునే పిల్లలు ఇంకా పెంచమంటారు. ఫుల్ పెట్టేశాం. పులిహోర కలిపేసరికి ఎర్రలైటు వెలిగింది. పాటలు ఆగిపోతే పిల్లల మొహాలు చూడలేకపోయాను.

ఈసారి దాన్ని చాపల పక్కనే, చెట్టునీడలో ఉన్న బండను ఆనించి నేల మీద పెట్టాను. అలా బండకో గోడకో ఆనిస్తే బేస్ దానంతటదే పెరుగుతుంది, బేస్ బటన్ నొక్కక్కర్లేదు. డప్పు మోత లాంటి ఆ బరువైన శబ్దాలే ఎక్కువ పవర్ లాగేస్తాయి కాబట్టి అదీ కలిసొచ్చింది. సౌండ్ సగానికి దించినా పెద్దమ్మ ఏమీ అనలేదు, ఎందుకంటే ఆవిడ కూరలు తరిగేది ఆ చాప మీదే. పిల్లలకు మాత్రం ఏట్లోకి సరిగ్గా వినబడలేదు. ఆ లోటు ఉంది.

పవర్ బ్యాంక్ తీసుకెళ్లొచ్చు, మోత బరువు పెరుగుతుందంతే. ఎండలో కాగిన రాతి మీద మాత్రం స్పీకర్ పెట్టొద్దు. వేడికి లిథియం బ్యాటరీ త్వరగా పాడవుతుంది. వనభోజనాలయ్యాక నెలల తరబడి బీరువాలో పెట్టేవాళ్లు సగం చార్జింగ్‌తో పెట్టండి.

పొద్దు వాలాక పాతపట్నం నుంచి వచ్చిన చుట్టాలను ఆటో ఎక్కిస్తూ ఫోన్‌లో చూశాను, స్పీకర్‌కు ఇంకా 40 శాతం ఉంది. పిల్లలు దాన్ని ఒళ్లో పెట్టుకుని పాడుకుంటూ వెళ్లారు.