ఎర్ర మరక: రంగు పరీక్షా, ఆర్‌ఎన్‌ఏ పరీక్షా?

మరక రక్తమో కాదో రంగుతో చెప్పే కాస్టిల్-మేయర్ పరీక్ష చవక. రక్తమైతే క్షణాల్లో గులాబీ రంగు వస్తుంది, ఘటనాస్థలంలోనే పని అయిపోతుంది. కాకపోతే కొన్ని మొక్కల ఎంజైములకీ అదే రంగు రావచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. అది గాయం రక్తమో, నెలసరి రక్తమో ఈ పరీక్ష చెప్పలేదు. లైంగిక దాడి కేసుల్లో వాదనంతా ఒక్కోసారి అక్కడే నడుస్తుంది. అలాంటప్పుడు నేనైతే ఎంఆర్‌ఎన్‌ఏ పరీక్షకే మొగ్గుతాను. జన్యువు పనిచేసేటప్పుడు కణంలో తయారయ్యే దాని నకలే ఎంఆర్‌ఎన్‌ఏ. కాబట్టి ఏ కణంలో ఏ జన్యువులు పనిచేశాయో ఈ పరీక్ష చూపిస్తుంది: నెలసరి రక్తంలో ఎంఎంపీ (గర్భాశయ పొర ఊడిపోవడానికి తోడ్పడే ఎంజైముల) జన్యువులు, లాలాజలంలో స్టాథెరిన్, వీర్యంలో ప్రోటమైన్ అనే ప్రోటీన్ల జన్యువులు. అదే నమూనా నుంచి డీఎన్‌ఏ కూడా తీయొచ్చు. అయితే ఇద్దరి మరకలు కలిసిపోతే ఏ ద్రవం ఎవరిదో తేల్చడం కష్టమే.

ఆర్‌ఎన్‌ఏ త్వరగా పాడవుతుందన్న టెన్షన్ తడి మరకల విషయంలో సబబే. బాగా ఆరిన మరకల్లో మాత్రం ఏళ్ల తర్వాత కూడా దొరికింది.