పాత మారుతి 800కి సిలికాన్ ప్లగ్ వైర్ల సెట్: కొనొచ్చా?

కార్బురేటర్ మోడల్‌కి ఈ సెట్‌లో నాలుగు వైర్లొస్తాయి: స్పార్క్ ప్లగ్గులకు కరెంటు తీసుకెళ్లేవి మూడు, కాయిల్ (వోల్టేజీ పెంచేది) నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి (ఒక్కో ప్లగ్గుకి వంతులవారీగా కరెంటు పంచేది) ఒకటి. సిలికాన్ తొడుగు మెత్తగా ఉంది, వేళ్ల మధ్య వంచినా పగుళ్లు పడదు. పాత రబ్బరు వైర్లు ఇంజన్ వేడికి గట్టిపడి, ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) నుంచి కారే ఆయిల్‌కి ఉబ్బి, సన్నగా చీలతాయి. కరెంటు ప్లగ్గు దాకా పోకుండా పక్కనున్న ఇనుముకి దూకేస్తుంది. చీకట్లో ఇంజన్ స్టార్ట్‌లో ఉంచి బానెట్ ఎత్తి చూడండి, నీలిరంగు మెరుపులు కనిపిస్తాయి. వానాకాలం పొద్దున్నే బండి కుదుపుతోందంటే ముందు వీటినే అనుమానించాలి.

అరిగిన ప్లగ్గు కూడా వైర్లను పాడుచేస్తుంది. ప్లగ్గు కొనల మధ్య గ్యాప్ 0.8 మి.మీ. దాటి పెరిగేకొద్దీ స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ ఒత్తిడి వైరు తొడుగు మీద పడుతుంది. అందుకే కొత్త వైర్లతోపాటు ప్లగ్గులూ మార్చేయండి.

వైరు పట్టి లాగితే లోపలి కార్బన్ నార తెగుతుంది, చివరనున్న బూటు (ప్లగ్గు మీద కూర్చునే తొడుగు) పట్టుకుని మెలితిప్పి తీయాలి. తారుమారు కాకుండా ఒక్కొక్కటే మార్చండి, ఫైరింగ్ వరస (సిలిండర్లలో స్పార్క్ పడే క్రమం) 1-3-2.

ధరకి తగ్గ సరుకే, కొనొచ్చు. లోపమల్లా వైర్లను పట్టి ఉంచే క్లిప్పులు ఇవ్వకపోవడం. పాత క్లిప్పులు దాచి వాడుకోండి, వైరు వేలాడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి (ఇంజన్ పొగ బయటికి పోయే వేడి గొట్టం) తగిలితే సిలికాన్ అయినా కాలిపోతుంది.