పాత గ్రిల్, కొత్త గ్యాస్ గొట్టం: ఆ ప్లాస్టిక్ నట్టుతో నా పేచీ

పాత బార్బెక్యూ గ్రిల్‌కు గ్యాస్ గొట్టం, రెగ్యులేటర్, వాటిని కలిపే ఇత్తడి భాగాలు మార్చి చాలాకాలమైంది. కొత్తలో ఎవరడిగినా నిక్షేపంగా కొనుక్కోమనేవాణ్ని. ఇప్పుడూ వద్దనను. కానీ సిలిండర్‌కు చేత్తో బిగించే పెద్ద ప్లాస్టిక్ నట్టు ఉంది చూశారూ, అందులో దాగిన రక్షణ వాల్వ్ మీద నాకున్న అక్కసు మాత్రం వెళ్లగక్కాల్సిందే.

గొట్టం తెగినా, ఊడినా గ్యాస్ ఒక్కసారిగా తన్నుకురాకుండా ఆ వాల్వ్ ప్రవాహాన్ని బాగా తగ్గించేస్తుంది. సిలిండర్‌లో ఉండే ప్రొపేన్ గ్యాస్ గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే పైకి తేలిపోదు, నేలబారుగా పేరుకుంటుంది. కాబట్టి ఆ వాల్వ్ అవసరాన్ని కాదనను. చిక్కల్లా ఏమిటంటే, తెగిన గొట్టానికీ ఖాళీ గొట్టానికీ దానికి తేడా తెలియదు. సిలిండర్ గబుక్కున తెరిస్తే ఖాళీ గొట్టంలోకి గ్యాస్ దూసుకుపోతుంది. దాన్నే లీకు అనుకుని దారి మూసేస్తుంది. పూర్తిగా మూసినా బాగుండేది, సంగతి వెంటనే తెలిసేది. అలా కాదు, బర్నర్లు వెలుగుతాయి. మంట వత్తి తగ్గించిన లాంతరులా నీరసంగా ఉంటుంది. మూత మీది థర్మామీటర్ ముల్లు 120 డిగ్రీల దగ్గర చతికిలబడి ఇక కదలదు.

విరుగుడు ఉంది. బర్నర్ నాబ్‌లన్నీ కట్టేయాలి, సిలిండర్ కట్టేయాలి, నట్టు విప్పి కాసేపు ఆగి మళ్లీ బిగించాలి. అప్పుడు సిలిండర్‌ను మెల్లగా తెరిచి, గొట్టం నిండేదాకా కొన్ని క్షణాలు ఓపిక పట్టి, ఆ తర్వాతే బర్నర్ తిప్పాలి. ఈ మాట పెట్టెలో వచ్చిన కాగితంలో లేకపోలేదు. భూతద్దానికి తప్ప అందని అక్షరాల్లో, హెచ్చరికల గుంపులో ఎక్కడో ఉంది.

మెల్లగా తిప్పడం చేతికి అలవాటయ్యాక కొన్నాళ్లు ఏ గొడవా లేదు. ఆ తర్వాత ఎంత నెమ్మదిగా తెరిచినా మంట లేవడం మానేసింది. అదీ చుట్టూ పదిమంది పళ్లేలు పట్టుకుని నిలబడి ఉన్న పూట. మాంసం ముక్కలు కాలడం మానేసి తమ నీళ్లలో తామే ఉడికి పాలిపోయాయి. రెగ్యులేటర్ చెడిపోయిందని తీర్మానించి తిట్టుకున్నాను. సిలిండర్ మార్చినా అదే తంతు. మర్నాడు ప్రతి బిగింపు మీదా సబ్బు నీళ్లు రాశాను. ఎక్కడా ఒక్క బుడగ లేదు.

చివరికి మిగిలింది పక్క బర్నర్, అంటే గ్రిల్ పక్కన విడిగా ఉండే చిన్న పొయ్యి. దాన్ని ఎవరూ ముట్టుకుని ఎన్నాళ్లయిందో. నాబ్ కూడా కట్టేసిన గుర్తు దగ్గరే ఉంది. బర్నర్ పైకెత్తి, గ్యాస్ వచ్చే సన్నటి రంధ్రం మీద సబ్బు నురగ వేలితో అద్దాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత పొర మెల్లగా ఉబ్బింది, కందిగింజంత అయింది, పగిలింది. దాని వెనకే ఇంకొకటి. లోపల వాల్వ్ అరిగిపోయి, కట్టేసినా గ్యాస్ జారుతోంది. అది జారుతున్నంతసేపూ గొట్టంలో ఒత్తిడి నిండదు, ఒత్తిడి నిండనిదే రక్షణ వాల్వ్ దారి వదలదు. ఆ బర్నర్‌కు వెళ్లే పాయను విప్పి, దాని మూతికి ఇత్తడి మూత బిగించాక మంట మునుపటిలా లేచింది.

పాత రెగ్యులేటర్‌లో ఇలాంటి ఏర్పాటు లేదు. ఆ లీకు ఎప్పటి నుంచి ఉందో అది ఎన్నడూ చెప్పలేదు. ఆ లెక్కన ఈ ప్లాస్టిక్ నట్టుకు నేను రుణపడ్డట్టే. అయినా చెప్పే పద్ధతి అదా? మనిషికి కనబడేలా ఒక ఎర్ర గుర్తు పెట్టి ఉంటే ఆ పూట వంట చెడేది కాదు.

ఇత్తడి బిగింపుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అదే వాటి గొప్ప. 45 డిగ్రీల కోణంలో విచ్చుకున్న మూతి లోహానికి లోహమే ఆనుకుని గ్యాస్‌ను ఆపుతుంది. అక్కడ టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. ఒక స్పానర్‌తో పట్టుకుని ఇంకోదానితో బిగిస్తే చాలు.

గొట్టం మీది స్టీలు తీగల అల్లికను మాత్రం మొదట్లో కాస్త ఎక్కువగానే పొగిడాను. ఎలుక పన్ను దిగదు, నిజమే. కానీ చివర్లలో తీగలు రేగి వేళ్లకు గుచ్చుకుంటున్నాయి. మామూలు గొట్టాన్ని వంచి చూస్తే రబ్బరు పగుళ్లు కనబడతాయి. ఇందులో అవి అల్లిక కింద దాక్కుంటాయి. పైగా బిరుసు. సిలిండర్ కాస్త జరిపితే చాలు, బిగింపు దగ్గర లాగుతుంది.

నా గ్రిల్ పెట్టె పోత అల్యూమినియం. బర్నర్లు ఇంకా గట్టిగా ఉన్నాయి, పక్క బర్నర్ పోయినా నాకు లోటు లేదు. అందుకే ఈ మరమ్మతు నాకు గిట్టుబాటైంది. పెట్టె తుప్పు పట్టినా, నాబ్‌ల వెనక వాల్వులన్నీ అరిగినా గొట్టం ఒక్కటే మార్చి ఏం లాభమో నేను చెప్పలేను. ఈసారి మార్చాల్సి వస్తే రెగ్యులేటర్ ఇదే రకం తీసుకుంటాను, సణుక్కుంటూనే. గొట్టం మాత్రం అల్లిక లేనిది. మా పెరట్లో ఎలుకలు ఎలాగూ లేవు.