జీహెచ్, కేహెచ్ చుక్కల కిట్: ఏళ్లుగా వాడాక నా మాట

చేపల ట్యాంకు పెట్టగానే అందరూ పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) టెస్ట్ కొంటారు. నన్నడిగితే దానికంటే ముందు కొనాల్సింది నీటి కాఠిన్యం చూసే చుక్కల కిట్. రెండు చిన్న సీసాలు (ఒకటి జీహెచ్, అంటే మొత్తం కాఠిన్యానికి; ఇంకోటి కేహెచ్, అంటే కార్బొనేట్ కాఠిన్యానికి), ఒక గాజు గొట్టం, అంతే. అయిపోయినప్పుడల్లా మళ్లీ అదే తెచ్చుకుంటున్నాను.

గొట్టంలో 5 మి.లీ. ట్యాంకు నీళ్లు పట్టి, కేహెచ్ సీసాలోంచి ఒక్కో చుక్క వేస్తూ, కలుపుతూ లెక్కపెట్టాలి. మొదట నీలం రంగు వస్తుంది. అది పసుపుకి తిరిగేసరికి ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే సుమారు 17.9 పీపీఎం (పది లక్షల్లో భాగాలు). జీహెచ్‌కి నారింజ రంగు ఆకుపచ్చగా మారాలి, చిక్కంతా అక్కడే. మొదటి చుక్కలకి ఆ నారింజ ఎంత లేతగా ఉంటుందంటే, వెనక తెల్ల కాగితం పెట్టుకుని పగటి వెలుతురులో చూస్తే తప్ప తెలియదు. సీసాని నిటారుగా తలకిందులు చేసి పట్టుకోవాలి, వాలుగా పడితే చుక్కల సైజు మారిపోతుంది. కాఠిన్యం బాగా తక్కువున్న నీళ్లకి 10 మి.లీ. తీసుకుంటాను, అప్పుడు చుక్కకి అర డిగ్రీ.

రెండు సీసాల్లో నాకు ఎక్కువ పనికొచ్చింది కేహెచ్. జీహెచ్ చెప్పేది కాల్షియం, మెగ్నీషియం సంగతి. కేహెచ్ చెప్పేది కార్బొనేట్లు, బైకార్బొనేట్ల సంగతి. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాని బ్యాక్టీరియా నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. దాన్ని తట్టుకునేది కేహెచ్, తట్టుకుంటూ తనే తరిగిపోతుంది. నా ట్యాంకులో కేహెచ్ 5 నుంచి 2కి దిగినా పీహెచ్‌లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఆ మిగిలిన రెండు కూడా పోయి ఉంటే పీహెచ్ ఒక్కసారిగా పడిపోయేది. నత్తల గుల్లలు కొన దగ్గర తెల్లబారి గుంటలు పడటం కూడా అప్పుడే చూశాను. ఫిల్టర్‌లో చిన్న సంచీడు పగడపు రాళ్ల ముక్కలు వేసి, నీళ్లు మార్చడం పెంచాక కేహెచ్ నెమ్మదిగా పైకొచ్చింది. ఇలాంటి ముప్పుని ముందే చూపించే సాధనం ఇంకోటి నా దగ్గర లేదు.

టీడీఎస్ మీటర్ ఉంది కదా అంటారు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంచనా చెబుతుంది, అందులో కాల్షియం ఎంతో, సోడియం ఎంతో విడదీయలేదు. కాల్షియం, మెగ్నీషియం తీసి సోడియం పెట్టే సాఫ్ట్‌నర్ నీళ్లకి టీడీఎస్ బాగానే కనిపిస్తుంది, జీహెచ్ మాత్రం దాదాపు సున్నా. నీళ్లలో ముంచి రంగు పోల్చుకునే టెస్ట్ స్ట్రిప్పులు నేను మానేశాను, రంగు గడుల మధ్య అంతరం మరీ ఎక్కువ.

ఇంకో ఉపయోగం: ఆవిరైన నీళ్లు లవణాలని ట్యాంకులోనే వదిలేసి పోతాయి. తగ్గిన మేరకు కుళాయి నీళ్లే పోస్తూ ఉంటే జీహెచ్ పెరుగుతూ పోతుంది. నేను ఆ లోటుకి ఆర్వో నీళ్లు పోస్తాను. మాలీలు, గప్పీలు కాఠిన్యం ఉన్న నీళ్లని ఇష్టపడతాయి, నియాన్ టెట్రాలకి తక్కువుంటే మేలు. ఏ చేపకైనా అంకె తరచూ ఊగిసలాడకపోవడం ముఖ్యం.

సీసా పాతబడిందని అనుమానం వస్తే, 10 లీటర్ల ఆర్వో నీళ్లలో 1.2 గ్రాముల వంట సోడా కలిపి కేహెచ్ చూడండి. నాలుగో చుక్కకి పసుపు రావాలి. ఆరేడు పడితే ఆ సీసా పారేయండి.