బతికుండగానే ఇచ్చేయడమా, పోయాక వదిలేయడమా

పిల్లలకి డబ్బు ఇప్పుడే ఇవ్వాలా, వీలునామాలో రాయాలా అన్నది అసలు టైమింగ్ విషయం. తల్లిదండ్రులు తొంభై దాకా ఉంటే ఆస్తి చేతికొచ్చేసరికి పిల్లలకే అరవై దాటుతుంది, అప్పటికి హోమ్ లోన్ ఆఖరి ఈఎంఐ కూడా కట్టేసి ఉంటారు, అదే డబ్బు ముప్పైలో డౌన్ పేమెంట్‌కి అందుంటే ఇరవై ఏళ్ల వడ్డీలో ఎంత మిగిలేదో చూడండి.

వదిలేయడంలో బలం వేరు. ఎంతకాలం బతుకుతామో తెలీదు కదా, ఆస్పత్రికని దాచింది ఖర్చవకపోతే అదే వారసత్వం అవుతుంది. ఇచ్చేసింది మాత్రం వెనక్కి తీసుకోవడం కష్టం.

ఇలా పెద్దల నుంచి వచ్చేది అసలు ఎంత అన్న దగ్గరే ఆర్థికవేత్తలకి పడలేదు. జనం సంపాదించే వయసులో దాచి రిటైరయ్యాక తింటారన్న ఆర్థికవేత్త మోడిగ్లియానీకి 1985లో నోబెల్ వచ్చింది, ఆయన లెక్కలో అమెరికా సంపదలో పెద్దలిచ్చింది సుమారు 20 శాతమే, 1981లో కోట్లికాఫ్, సమ్మర్స్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు మాత్రం దాదాపు 80 శాతం అన్నారు! వచ్చిన ఆస్తి మీద పెరిగిన వడ్డీ, ఎదిగిన పిల్లల చదువు ఖర్చు పెద్దలిచ్చిన లెక్కలో వేయాలా, వద్దా అన్న దగ్గరే చాలా తేడా వచ్చింది.

నేనైతే ముందే ఇవ్వమంటాను, కాకపోతే జీవితాంతం నెలనెలా వచ్చే ఆదాయం పక్కన పెట్టుకున్నాకే, ఉంటున్న ఇల్లు మాత్రం మీ పేరు మీదే ఉంచుకోండి.